దిష్టి టెంకాయలు

ఆ ఎండాకాలం మా అత్త హంపమ్మ వారానికొకసారి ఊరికి పోతానని బయల్దేరేది. పోవడానికి ఊర్లో ఆమెకేమీ లేదు. అక్కడి ఇల్లూ, రెండెకరాల చేనూ అమ్మే గదా మేం ఆదోని బయట గుట్ట కింద రెండున్నర సెంట్ల జాగా కొని ఇల్లు కట్టింది. అయినా పోతాననేది. "ఈడ నాతో మాట్లాడేదానికి గోడలు తప్ప ఏముండాయి?" అనేది. ఆ గోడలు కూడా ఇంకా సరిగ్గా ఆరలేదు.

ఆమె పోతే నాకు గండమే. నేను పత్తి జిన్నింగు మిల్లు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటాను. మూడేళ్ళ యామినిని ఆమె చూసుకుంటేనే నేను గడప దాటేది. నా మొగుడు వీరభద్ర తెల్లవారి ఆటో తీసుకుపోతే మళ్ళీ దీపాలు పెట్టాకే ఇల్లు చేరతాడు. అందుకని ఆమె కొంగు నడుముకు చెక్కి లేచి నిలబడినప్పుడల్లా ఏదో ఒక అబద్ధం చెప్పి ఆపేదాన్ని. ఈ రోజు బస్సుల్లేవంట, రేపు పాపకు సూదేస్తారంట, ఎల్లుండి గ్యాసు బండి వస్తుందంట. నా దగ్గర అబద్ధాలు అయిపోయే వేళకు ఎలుగుబంటి వచ్చింది.

అది ఉగాది తెల్లవారుజాము. మా కాలనీకి శ్రీగిరి నగర్ అని బోర్డయితే ఉంది గానీ, అప్పటికి ఉన్నవి అరవై ఇళ్ళు, చుట్టూ కంప మొలిచిన ఖాళీ ప్లాట్లు, ఒక నీళ్ళ ట్యాంకు, నాలుగు దోవలు కలిసే ఒక కూడలి. ఆ కూడలి పక్కనే వాల్వు గుంత. రోజూ ఐదున్నరకు చిన్న ఈరన్న భుజాన ఇనప కడ్డీ వేసుకొని వచ్చి, ఆ గుంతలోకి వంగి వాల్వు తిప్పితేనే మా కొళాయిల్లో నీళ్ళు. ఆ పొద్దు నీళ్ళు రాలేదు, ఈరన్నే వచ్చాడు. చేతిలో కడ్డీ లేదు, కాళ్ళకు చెప్పుల్లేవు. మా వాకిట్లో కూలబడ్డాడు.

"గుడ్డెలుగు అవ్వా! కూడల్లో ఉండాది. ఈపు మీద పిల్లనేసుకోని నా దిక్కే చూసె."

"మరి నువ్వేం జేస్తివి?" అంది మా అత్త.

"ఉగాది పచ్చడి పెడతాదేమోనని నిలబడమంటావా? పరిగెత్తినా!"

మా అత్త నవ్వింది. ఈ ఇంట్లోకి వచ్చాక ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదలు.

కూడలి మూలన ఉన్న రెండంతస్తుల ఇల్లు గోపీనాథ్ సారుది. ఎరువుల అంగడాయన, కాలనీ కమిటీకి పెద్ద. ఆయన భార్య బాల్కనీ నుంచి ఎలుగుబంటిని చూసి దడుచుకుంది. మధ్యాహ్నానికి ఒళ్ళు కాలింది. మాత్రలు పనిచేయలేదని పిలుపొస్తే మా అత్త పోయింది. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. టెంకాయ మీద కర్పూరం వెలిగించి మూడుసార్లు దిగదుడిచి, కూడలిలో కొట్టి, వెనక్కి చూడకుండా వచ్చేసింది. సాయంత్రానికి జ్వరం దిగింది. మాత్రల వల్ల దిగిందో టెంకాయ వల్ల దిగిందో ఎవరికి కావాలి? "అవ్వ చెయ్యి మంచిది" అనే మాట మాత్రం చీకటి పడేలోపు అరవై ఇళ్ళూ తిరిగింది.

ఆ వారమే ఫారెస్టోళ్ళు ఇద్దరు వచ్చారు.

"తిండి వాసన తగిలితేనే వస్తాది సార్. ఎంగిలాకులు, కుళ్ళిన పండ్లు బయట పడేయొద్దండి" అన్నాడు అందులో పెద్దాయన.

గోపీనాథ్ సారు ఛాతీ విరుచుకున్నాడు. "మా కాలనీలో ఒక్క మెతుకు బయట పడదప్పా. దినామూ చెత్త బండి వస్తాది. కావాలంటే ఇంటింటికీ పోయి చూసుకోండి."

వాళ్ళు చూశారు. కూడలిలో పగిలిపడున్న టెంకాయ చిప్పల్ని తొక్కకుండా, చుట్టూ తిరిగి మరీ చూశారు. వాళ్ళూ మనలో పుట్టినవాళ్ళే గదా. దిష్టి తీసిన టెంకాయ ఎవరికీ తిండి కాదు, అది తీసి పారేసిన కీడు. దాన్ని దాటరు, తాకరు. వీధి ఊడ్చే ఆమె కూడా దాని పక్కనుంచి ఊడ్చుకుపోతుంది. మెతుకు కనపడలేదని రాసుకొని, చప్పుడు చేయడానికి నాలుగు పటాసు పొట్లాలిచ్చి పోయారు.

ఎండలు ముదిరాయి. గుట్ట మీద రాళ్ళు పొద్దు మునిగాక కూడా సెగ కక్కేవి. ఎలుగుబంటి ఒకసారి సందపొద్దున, ఒకసారి తెల్లవారి, ఎవరో ఒకరికి కనపడుతూనే ఉంది. అది కనపడిన ప్రతిసారీ నాలుగిళ్ళవాళ్ళు దిష్టి తీయించుకునేవారు. మొదట అమావాస్యకే అన్నారు. తర్వాత ఆదివారం కూడా అన్నారు, ఆ తర్వాత మంగళవారమూ కలిసింది. మా అత్తకు తీరిక లేకుండా పోయింది. నాకంటే ముందే తానం చేసి, తల దువ్వుకొని, యామినిని చంకనేసుకొని సిద్ధంగా ఉండేది. "హంపవ్వా, మా ఇంటికి ముందు రా" అని ఒకరు, "మా చిన్నోడు అన్నం తినడంలే" అని ఒకరు. ఊరి మాట ఆమె నోట మళ్ళీ రాలేదు. మిల్లులో నన్ను పర్మనెంటు చేస్తామని మేనేజరు అన్నది కూడా ఆ రోజుల్లోనే.

గుట్టకు అందరికంటే దగ్గరున్నది చివరి వీధిలోని నర్సు విశ్వాసమ్మ ఇల్లు. ఒకరోజు కొళాయి దగ్గర ఆమె, "దినామూ చీకట్లో డ్యూటీకి పోతాండా. మా గేటు దిక్కు అది ఒక్కసారి కూడా రాలేదక్కా" అంది.

"మీ ప్రభువు కాపలా కాస్తాండాడేమో" అని ఎవరో ఎకసెక్కమాడారు.

"కాస్తే మంచిదే గదమ్మా, జీతం అడగడు" అంది ఆమె బిందె ఎత్తుకుంటూ.

చైత్ర అమావాస్య వచ్చింది. ఆ సాయంత్రం కూడలిలో నలభైకి పైగా టెంకాయలు పగిలాయి. మరుసటి రోజు తెల్లవారి, ఆరేసిన వడియాలు తీద్దామని మేడెక్కాను. వడియాల మీద చెయ్యి వేయబోతూ కూడలి వైపు చూశాను. అక్కడ ఉంది.

అంత దగ్గరగా చూడటం అదే మొదలు. నల్లటి జూలు, దాని మీద ఎర్రమట్టి దుమ్ము. మూతి చిప్పలో పెట్టి పీలుస్తుంటే, ఎండిపోయిన బోరు గాలి కక్కినట్టు చప్పుడు. పిల్ల వీపు మీద నుంచి జారి, ఒక చిప్పను రెండు ముందుకాళ్ళతో పట్టుకొని కూర్చుంది, అన్నం గిన్నె పట్టుకున్న యామిని లాగే. తల్లి ఏ ఇంటి వైపూ తలెత్తలేదు. చేలో పరిగె ఏరుకునే కూలామె లాగ వంచిన తల వంచినట్టే ఒక చిప్ప నుంచి ఇంకో చిప్పకు పోయింది. కొబ్బరి గీకింది, నాకింది, ముందుకు నడిచింది. మా మీద దానికి కోపమూ లేదు, పగా లేదు. అసలు మేం దాని లెక్కలోనే లేము.

విశ్వాసమ్మ గేటు ముందు ఎవరూ టెంకాయ కొట్టరు.

వడియాలు అట్లాగే వదిలేసి కిందికి దిగాను. మా అత్త యామినికి జడ వేస్తూ ఏదో పదం కూనిరాగం తీస్తోంది. ఆ రోజు ఆమెకు మూడిళ్ళు ఒప్పుకున్న పని ఉంది.

"ఏమ్మే జోతీ, అట్ల చూస్తాండావు?"

"ఏం లేదత్తా" అన్నాను.

అంతే. ఏం లేదత్తా. మిల్లులో కాగితం చేతికొచ్చాక చెబుదామనుకున్నాను. ఇప్పుడు చెబితే ఆమెను పిలిచేవాళ్ళుండరు. పిలిచేవాళ్ళు లేకపోతే ఆమె మళ్ళీ ఊరంటుంది. వారం పది రోజుల్లో ఏం మునిగిపోతుందిలే అనుకున్నాను. నీళ్ళ దగ్గర ఈరన్న కనపడితే మాత్రం, "జాగ్రత్తన్నా" అన్నాను.

"నాకేం భయంలేమ్మా. పాట పాడుకుంటా వస్తాండా గదా. నా పాట ఇంటే మా ఇంటిదే పారిపోతాది, ఇంగ గుడ్డెలుగు నిలబడతాదా?" అన్నాడు.

తొమ్మిదో రోజు బుధవారం. ముందురోజు మంగళవారం కాబట్టి కూడలిలో దిష్టి తీశారు. ఆ తెల్లవారి కొళాయిలో నీళ్ళు సన్నగా మొదలై, ఎంతసేపటికీ ధార పెరగలేదు. బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళు ఈరన్నను తిట్టుకున్నారు, తాగి పడుకున్నాడని ఒకరు, రెండు రోజులుగా ఇంతేనని ఒకరు. నేనూ ఒక మాట కలిపాను. అప్పుడు మా ఆయన ఆటో తీసుకొని కూడలికి పోయి, అక్కడి నుంచే కేక పెట్టాడు.

నేను పోయి చూడలేదు. చూసినాయన తర్వాత చెప్పింది మూడు ముక్కలే. "గుంత అంచున పడిండాడు. ఎడమ చెయ్యి, తల. తువ్వాలు చుట్టినా, తువ్వాలు సాలలేదు." ఆటోలో వేసుకొని ఆదోని ఆస్పత్రికి, అక్కడి నుంచి కర్నూలు పెద్దాస్పత్రికి తీసుకుపోయాడు. బతుకుతాడని రాత్రికి ఫోను వచ్చింది. ఎడమ కన్ను మాత్రం చెప్పలేమన్నారంట.

శుక్రవారం ట్యాంకు కింద మీటింగు. చుట్టూ కరెంటు తీగ లాగుదామని ఒకడన్నాడు. కేసవుతుందని గోపీనాథ్ సారు కొట్టిపారేశాడు. "ఇది ఉత్త జంతువు పని కాదు. కాలనీకే ఏదో తగులుకుండాది. ఆదివారం పొద్దు గుంకేయాళకు నూటెనిమిది టెంకాయలతో పెద్ద దిష్టి తీపిద్దాం. ఏమవ్వా?"

అందరూ మా అత్త వైపు తిరిగారు. ఆమె అందరికంటే ముందు వరుసలో కూర్చుంది. కుర్చీలో. ఆ కాలనీలో ఆమెకు కుర్చీ వేసింది ఆ రోజే.

"తీస్తా నాయనా" అంది.

ఇంటికొచ్చి రొట్టెలకు కూర్చుంది. జొన్నపిండి ముద్ద పీట మీద పెట్టి తట్టడం మొదలుపెట్టింది. నేను గడప దగ్గర నిలబడ్డాను.

"అత్తా, పెద్ద దిష్టి వద్దు."

"ఏంటికి?"

"టెంకాయల కోసమే వస్తాండాది అది. కొబ్బరి తినేదానికి. మేడ మీద నుంచి నా కండ్లతో చూసినా."

తట్టే చెయ్యి ఆగలేదు. "ఎప్పుడు చూస్తివి?"

"అమాస మర్సునాడు."

అప్పుడు ఆగింది. "ఈరన్న పడింది దాని తర్వాత గదా."

"తొమ్మిది దినాలకు."

పెనం మీది రొట్టె మాడుతోంది. ఇద్దరమూ దాన్ని చూస్తూనే ఉన్నాం, తిప్పలేదు.

"నా మనసు నొచ్చుకుంటాదని చెప్పలేదంటావు" అంది, అడిగినట్టు కాకుండా.

అవునంటే సరిపోయేది. నాకు తప్పించుకునే దోవ ఆమే చూపించింది. "కాదత్తా. నువ్వు ఊరికి పోతే పాపను చూసుకునేవాళ్ళు లేరని. నా పని పోతాదని."

ఆమె పెనం దించింది. మాడిన రొట్టె తీసి తన కంచంలోనే వేసుకుంది.

ఆదివారం కాలనీ అంతా కూడలికి దిగింది. మా అత్త ఏదీ తక్కువ చేయలేదు. పసుపూ కుంకుమా కర్పూరం, ఒక్కో టెంకాయ మూడేసి చుట్లు. మొగవాళ్ళు వరసగా కొట్టారు. నూటెనిమిదీ పగిలేసరికి దోవంతా తెల్లగా, తడిగా అయింది. వెనక్కి చూడకుండా పోవాలి గదా, అందరూ ఇళ్ళవైపు తిరిగారు.

"రవ్వంత ఆగండి" అంది మా అత్త.

ఆగారు. ఆమె దోవ మధ్యలో గొంతుక్కూర్చుంది. ఒక చిప్ప తీసి, కుంకుమ కొంగుతో తుడిచి, పగిలిన కొబ్బరి ముక్క పెరికి నోట్లో పెట్టుకుంది. నమిలింది.

"అవ్వా! దిష్టిదది!" అని అరిచింది గోపీనాథ్ సారు భార్య.

"టెంకాయమ్మా. లేత కొబ్బరి, బాగుండాది." ఇంకో ముక్క పెరికింది. "ఆ గుడ్డెలుగు దీనికే వస్తాండాది. మనం పెడితిమి, అది తినె. ఈరన్నకు పట్టింది మీ దిష్టి కాదు, నా చెయ్యి. అన్నీ ఏరుకోని ఇండ్లకు తీసకపొండి. చట్నీ నూరుకోండి, నూనె ఆడిచ్చుకోండి, ఏమన్నా చేసుకోండి. ఈడ మాత్రం ఒక్క చిప్ప కూడా ఉండగూడదు."

"అరవై ఇండ్ల కీడు తెచ్చి మా పిల్లోళ్ళకు చట్నీ పెట్టమంటావా?"

"నేను తింటాండా గదమ్మా."

ఎవరూ కదల్లేదు. "ఈ ముసల్దాన్ని నమ్మినాం చూడు" అని గోపీనాథ్ సారు పక్కకు తిరిగి ఉమ్మేశాడు. అప్పుడే డ్యూటీ దిగి వస్తున్న విశ్వాసమ్మ విషయం విని, ఇంటికి పోయి ప్లాస్టిక్ బకెట్టు తెచ్చి ఏరడం మొదలుపెట్టింది. "ఆమెకేంలే, వాళ్ళకు పట్టింపుల్లేవు" అన్నారు.

పట్టింపుల్లేవని చెప్పుకునే మనిషిని నేను కూడా. బీకాం చదివాను. ఇలాంటివి చూసి కాలేజీలో నవ్విన దాన్ని. అయినా నా చెయ్యి ఒక్క అంగుళం ముందుకు రాలేదు. ఆ చిప్పల్లో ఎవరి జ్వరాలున్నాయో, ఎవరి ఏడుపులున్నాయో అని పాప చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

అంతలో యామిని నా చెయ్యి విడిపించుకొని పరిగెత్తింది. "అవ్వా, నాకు?"

మా అత్త వేళ్ళ మధ్య కొబ్బరి ముక్క ఉంది. పాప నోరు తెరిచి నిలబడింది. ఆమె పెట్టలేదు. తలెత్తి నా వైపు చూసింది. అందరూ నా వైపే చూశారు.

"పెట్టత్తా" అన్నాను.

పాప నమిలే చప్పుడు ఆ కూడలిలో చివరి మనిషి దాకా వినపడింది. నేను వంగి కొంగులోకి చిప్పలు ఏరుకోవడం మొదలుపెట్టాను. చీకటి పడేలోపు ముగ్గురమూ దోవ శుభ్రం చేశాం. ఎవరింటి నుంచీ ఒక్క చెయ్యి సాయం రాలేదు.

సోమవారం తెల్లవారి అది వచ్చింది. తడి ఆరని మట్టిని కాసేపు నాకింది. ఒక రాయిని బోర్లించి చూసింది. పిల్ల వీపు దిగనేలేదు. అట్లాగే నడుచుకుంటూ అవతల కుంట వైపు పోయింది. తర్వాత కూడా వచ్చింది, పోయింది గానీ కూడలిలో ఆగలేదు. ఆదివారాలూ మంగళవారాలూ మాత్రం మా వాకిలి ఖాళీ. మా అత్త ఎదురొస్తే ఆడవాళ్ళు దోవ మార్చుకునేవారు. టెంకాయ తినిపించిన పిల్ల అని యామినితో పిల్లల్ని ఆడనివ్వలేదు. "ఒక్క దినంలోనే అన్నీ అయిపాయె" అందొకరోజు మా అత్త, ఎవరితోనూ కాదు, తనలో తాను.

మూడు వారాలకు ఈరన్నను ఇంటికి తెచ్చారు. ఇద్దరమూ చూడటానికి పోయాం. మంచం మీద గోడకానుకొని కూర్చున్నాడు. తలకు కట్టు, ఎడమ కంటి మీద దూది. నేను నిలబడే చెప్పాను. ఏ రోజు చూసిందీ, ఎందుకు చెప్పలేదనేదీ అంతా.

ఈరన్న కంటి మీది దూదిని తడుముకున్నాడు. ఆయన భార్య సుంకమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే అడిగింది. "ఇప్పుడు చెప్పింది మా కోసమా, నీ కోసమా?"

నేను మా అత్త వైపు చూశాను. ఈసారి ఆమె ఏ దోవా చూపించలేదు.

"ఈ మూడు వారాలు ఎవరెవరో తిప్పిరి, ఇంగ కొత్తోన్ని పెట్టుకుంటామని గోపీనాథ్ సారు చెప్పి పంపిచ్చినాడు" అంది సుంకమ్మ. "ఈయప్ప లేసి నిలబడేదానికి రెండు నెలలంట. అంతవరకు నువ్వు తిప్పు. దినామూ పొద్దున్నే. ఈయప్ప పేరు మీదనే."

"తిప్పుతా" అన్నాను.

అప్పుడు ఈరన్న నోరు విప్పాడు. "ఎడమకు పదకొండు చుట్లమ్మా. ఆరో చుట్టు కాడ బిగుసుకుంటాది, ఎద ఆనిచ్చి బలం పెట్టల్ల."

మరుసటి రోజు ఐదున్నరకు కడ్డీ భుజాన వేసుకొని బయల్దేరాను. యామిని నాన్న పక్కలో నిద్రపోతోంది. రమ్మనలేదు గానీ మా అత్త కట్టె పట్టుకొని వెంట వచ్చింది. కూడలి బోసిగా ఉంది. గుట్ట మీద ఇంకా వెలుగు పడలేదు. కడ్డీ గుంతలోకి దింపి, నడుం వంచి, వాల్వుకు తగిలించాను. ఐదు చుట్లు తేలిగ్గా తిరిగింది. ఆరోది బిగుసుకుంది. రొమ్ము ఆనించి నెట్టాను.

ఒక్కసారిగా పైపులో నీళ్ళు పడ్డాయి. గుంతంతా హోరు. ఆ హోరులో నా గాజుల చప్పుడు నాకే వినపడలేదు. గుంత దాకా పాడుకుంటూ వచ్చిన మనిషి ఇక్కడికొచ్చి ఎందుకు వినలేకపోయాడో అప్పుడు తెలిసింది. నా వీపు ఎంత వెడల్పుగా ఉందో, గుట్టకు ఎంత తెరిచి ఉందో కూడా తెలిసింది. కడ్డీ వదిలేసి గబుక్కున లేచి వెనక్కి తిరిగాను.

మా అత్త నా వెనకే నిలబడి ఉంది. వీపు నా వైపు, ముఖం గుట్ట వైపు. కట్టె రెండు చేతుల్లో ఉంది.

"తిప్పు" అంది, తల తిప్పకుండా. "ఆ దిక్కు నేను చూస్తాండా."